కొరియాలో ఇంగ్లిష్ టీచర్ కొలువు: ఇంగ్లిష్ కంటే పాస్‌పోర్టే ఎందుకు ముఖ్యమవుతోంది?

క్లుప్తంగా: డిగ్రీ అవగానే దక్షిణ కొరియా వెళ్లి ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం నిజంగానే ఉంది. కానీ అది ప్రధానంగా ఏడు దేశాల పౌరుల కోసం పెట్టిన ఏర్పాటు. భారతీయులకు 2010 నుంచి ఒక సన్నని దారి ఉంది, అది కూడా టీచర్ అర్హత ఉన్నవాళ్లకు, ప్రభుత్వ బడుల్లో సహాయ ఉపాధ్యాయులుగా మాత్రమే. అర్హత ఉన్నవాళ్లకైనా ఏడాది ఎలా గడుస్తుందన్నది ఎవరి దగ్గర చేరారన్న దాన్ని బట్టి ఉంటుంది. జీతాలు చాలా ఏళ్లుగా పెద్దగా పెరగలేదు, చదువుకునే పిల్లల సంఖ్య వేగంగా తగ్గుతోంది.

అయోమయం ఎక్కడ మొదలవుతోంది

డిగ్రీ చాలు, టీచింగ్ అనుభవం అక్కర్లేదు, కొరియన్ రాకపోయినా పర్లేదు, ఇల్లు వాళ్లే ఇస్తారు, విమాన ఖర్చులు కూడా చాలాచోట్ల వాళ్లే పెట్టుకుంటారు. కొరియాలో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం గురించి వినిపించే మాటలివి. వీటిలో అబద్ధం పెద్దగా లేదు. కాకపోతే ఇవన్నీ అమెరికా, బ్రిటన్, కెనడా కుర్రాళ్లు తమలాంటి వాళ్ల కోసం చెప్పుకున్న మాటలు. అవే మాటలు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డిగ్రీ పూర్తి చేసిన వాళ్ల చెవిన పడేసరికి, అసలు షరతు ఒకటి మధ్యలో జారిపోతోంది. అది పౌరసత్వం.

కొరియన్ సీరియళ్లు, పాటల వల్ల ఆ దేశం మీద ఇష్టం పెంచుకున్న తరం ఇప్పుడు డిగ్రీలు పూర్తి చేసుకుని బయటికి వస్తోంది. అప్పటి అనంతపురం జిల్లాలో కియా ఫ్యాక్టరీ వచ్చాక కొరియా అంటే టీవీలో కనిపించే దేశం మాత్రమే కాదు, ఉద్యోగాలిచ్చే దేశం అని కూడా తెలిసింది. ఆశ పుట్టడం సహజం. అందుకే ఈ ఉద్యోగం ఎలా పనిచేస్తుందో, ఎవరికి తలుపు తెరుచుకుంటుందో, ఎందుకు అలా ఉందో డబ్బు ఖర్చు పెట్టకముందే తెలుసుకోవాలి.

ఈ-2 వీసా ఏం అడుగుతుంది

కొరియాలో విదేశీ భాష నేర్పడానికి ఇచ్చే వీసా పేరు ఈ-2. ఇంగ్లిష్ విషయానికొస్తే అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే ఇది మామూలుగా ఇస్తారు. ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ ఉంటే చాలు. సొంత దేశం నుంచి నేరచరిత్ర లేదన్న ధ్రువపత్రం, దానికీ డిగ్రీకీ అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదని విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ), కొరియా చేరాక మాదకద్రవ్యాల పరీక్షతో కలిపి వైద్య పరీక్ష ఉండాలి.

ఈ కాగితాల గొడవ మొదటి నుంచీ ఇంత లేదు. కొరియాలో పాఠాలు చెప్పిన ఒక కెనడా జాతీయుడు పిల్లలపై లైంగిక నేరాల కేసులో 2007లో థాయ్‌లాండ్‌లో పట్టుబడ్డాక, అదే ఏడాది చివర్లో నేరచరిత్ర తనిఖీ, వైద్య పరీక్షలు తప్పనిసరి చేశారు. అందులో హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఉండేది. కొరియన్ టీచర్లకు లేని పరీక్ష మాకెందుకని న్యూజిలాండ్‌కు చెందిన ఒక టీచర్ ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ దాకా వెళ్లారు. అది వివక్షేనని కమిటీ 2015లో చెప్పింది, 2017లో కొరియా ఆ పరీక్షను తీసేసింది. ఒక్క మనిషి పట్టుదలతో వేలమందిని అవమానించే నిబంధన పోయింది, ఇది గుర్తు పెట్టుకోవాల్సిన విషయం. పౌరసత్వ నిబంధన మాత్రం అలాగే ఉండిపోయింది.

జపాన్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ బడుల్లో భాష చెప్పేవాళ్లకిచ్చే ఇన్‌స్ట్రక్టర్ వీసాకు అడిగేది, ఆ భాషా మాధ్యమంలో 12 ఏళ్లకు తక్కువ కాకుండా చదివారా అని. అంటే ఒకటో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివిన భారతీయుడు కనీసం కాగితం మీద ఆ ప్రశ్నకు అవునని చెప్పగలడు. కొరియా మాత్రం చదువును కాకుండా దేశాన్నే కొలమానంగా పెట్టుకుంది. వీసా అధికారికి పని తేలిక. కానీ బాగా చెప్పగల మనిషి ఎవరన్నది ఆ కొలమానంలో ఎక్కడా కనిపించదు.

ఇక్కడ తెలుగువాళ్లు ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది. అమెరికాలో ఎంఎస్ చేసి, హెచ్-1బీ లాటరీలో పేరు రాక, పోనీ కొరియా వెళ్లి ఏడాది ఇంగ్లిష్ చెబుదామనుకుంటే కుదరదు. డిగ్రీ అమెరికాదైనా పాస్‌పోర్ట్ భారత్‌దే కాబట్టి. మరి అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల సంగతి? అక్కడా చిన్న మెలిక ఉంది. ప్రభుత్వ బడులకు టీచర్లను తీసుకునే ఎపిక్ అనే కార్యక్రమం, ఇంగ్లిష్ మాతృభాష కాని నేపథ్యం నుంచి వచ్చినవాళ్లు ఏడో తరగతి నుంచి ఆ దేశంలోనే చదివి ఉండాలని, కనీసం పదేళ్లు అక్కడ నివసించి ఉండాలని అడుగుతుంది. కాబట్టి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు దారి తెరిచే ఉంటుంది. అదే ఇంట్లో పాతికేళ్ల వయసులో అమెరికా వెళ్లి తర్వాత పౌరసత్వం తెచ్చుకున్న తండ్రికి ఉండదు.

భారతీయులకున్న సన్నని దారి

భారత్, కొరియా మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం, అంటే సెపా, మీద 2009 ఆగస్టులో సంతకాలయ్యాయి. 2010 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. సుంకాలు, పెట్టుబడుల గురించి మాట్లాడే ఆ ఒప్పందంలో వృత్తి నిపుణుల రాకపోకల జాబితా ఒకటుంది. ఆ జాబితాలో ఇంజినీర్లు, కంప్యూటర్ నిపుణులతో పాటు ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల్లో ఇంగ్లిష్ సహాయ ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. దాని ప్రకారం డిగ్రీతో పాటు ఇంగ్లిష్ టీచర్‌గా అర్హత పత్రం ఉన్న భారతీయులకు ఈ-2 ఇవ్వొచ్చు. మన దగ్గర ఇంగ్లిష్ మెథడాలజీతో బీఎడ్ చేసినవాళ్లు దీనికి దగ్గరగా వస్తారు.

గమనించాల్సింది ఏమిటంటే, ఈ దారి బడుల్లోకే గానీ ప్రైవేటు కోచింగ్ సెంటర్లలోకి కాదు. ఏడు దేశాల పౌరుడికి ఏ డిగ్రీ అయినా చాలు, భారతీయుడికి మాత్రం టీచర్ అర్హత ఉండాలి. ఒకే క్లాసులో ఒకే పని చేసే ఇద్దరికి రెండు కొలతలు పెట్టారు, ఇది న్యాయమైన ఏర్పాటని చెప్పడం కష్టం.

రెండో అడ్డంకి ఒప్పందం బయట ఉంది. వీసా ఇవ్వొచ్చు అని చట్టం చెప్పడం వేరు, ఉద్యోగం ఇచ్చేవాడు ఉండటం వేరు. బడుల్లో ఎవరిని తీసుకోవాలో ప్రాంతీయ విద్యా కార్యాలయాలు చూసుకుంటాయి, వాటి అలవాటు ఏడు దేశాల చుట్టూనే స్థిరపడింది. పిల్లల తల్లిదండ్రులు నేటివ్ స్పీకర్ అనగానే ఊహించుకునే ముఖం ఒకటుంటుంది, ఆ ముఖానికి సరిపోని మనిషిని తీసుకుని నచ్చజెప్పే ఓపిక కార్యాలయాలకు ఉండదు. దరఖాస్తుకు ఫొటో జత చేయమనడం కొరియాలో మామూలే. నల్లజాతి అమెరికన్లు, ఆసియా మూలాలున్న కెనడియన్లు కూడా ప్రైవేటు సెంటర్లలో ఈ వివక్షను ఎదుర్కొన్నామని ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. పాస్‌పోర్ట్ గడప దాటినవాళ్లకే ఇలా ఉంటే, అసలు గడప దగ్గరే ఆగిపోయిన వాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

కాగితాలకు సంబంధించి ఒక ఆచరణాత్మక విషయం. భారత్ 2005 నుంచీ, కొరియా 2007 నుంచీ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి. కాబట్టి మన డిగ్రీని విదేశాంగ శాఖ అపోస్టిల్ చేస్తే అక్కడ చెల్లుతుంది. ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. దీనికి వారాలు పడుతుంది, ఆఖరి నిమిషంలో పరుగులు పెట్టే పని కాదు.

ఈ ఇంగ్లిష్ ఆకలి ఎలా పెరిగింది

కొరియాలో పిల్లవాడి జీవితం నవంబర్‌లో జరిగే ఒక్క విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష చుట్టూ తిరుగుతుంది. దాని పేరు సునుంగ్. ఇంగ్లిష్ వినికిడి ప్రశ్నలు నడిచే కాసేపు దేశంలో విమానాలు దిగకుండా, లేవకుండా ఆపేస్తారు. ఎంసెట్ రోజుల్లో మన ఇళ్లలో ఉండే టెన్షన్ అక్కడ దేశం మొత్తానికి ఒకే రోజు పడుతుంది. పరీక్షకు బలం ఇంత ఉన్నప్పుడు బడి బయట చదువు వ్యాపారంగా మారకుండా ఉండదు. అలా పుట్టినవే హాగ్వాన్లు, అంటే ప్రైవేటు కోచింగ్ సెంటర్లు. ఇంగ్లిష్, లెక్కలు, సంగీతం, తైక్వాండో, అన్నిటికీ ఉంటాయి.

ఈ వ్యాపారాన్ని ఆపాలని ప్రభుత్వాలు చూడకపోలేదు. చున్ డూ-హ్వాన్ సైనిక పాలనలో 1980లో ప్రైవేటు ట్యూషన్లను ఏకంగా నిషేధించారు. ధనికుల ఇళ్లలో చాటుమాటు ట్యూషన్లు మాత్రం సాగాయి. తర్వాత నిషేధాన్ని కొంచెం కొంచెంగా సడలిస్తూ వచ్చారు, చివరికి 2000లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధం చెల్లదని కొట్టేసింది. ఇప్పుడు సియోల్‌లో రాత్రి పదింటికల్లా హాగ్వాన్లు మూయాలన్న నిబంధన మిగిలింది.

ఇంగ్లిష్‌కు ప్రత్యేకంగా ఊపు వచ్చింది 1990లలో. ప్రపంచీకరణ నినాదంతో కిమ్ యంగ్-సామ్ ప్రభుత్వం నడుస్తున్న రోజుల్లో, 1995లో ఎపిక్ మొదలైంది. 1997 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లిష్ పాఠం తప్పనిసరైంది. అప్పటిదాకా హైస్కూలు గొడవగా ఉన్నది ఎనిమిదేళ్ల పిల్లల ఇంటికి చేరింది, ఆ వెంటే అంతకంటే ముందే మొదలుపెట్టకపోతే మనవాడు వెనకబడతాడేమోనన్న భయమూ చేరింది. 2008లో డిగ్రీ పూర్తికాని విదేశీ విద్యార్థులను కూడా పల్లె బడులకు పంపే టాక్ అనే కార్యక్రమం వచ్చి, 2021 దాకా నడిచింది.

సునుంగ్ ఇంగ్లిష్‌లో పోటీ తగ్గించాలని 2017 నవంబర్ పరీక్ష నుంచి మార్కుల పద్ధతి మార్చారు. 90 మార్కులు వస్తే అందరికీ మొదటి గ్రేడే. దానితో హైస్కూలు స్థాయిలో ఒత్తిడి కొంత లెక్కలకు మళ్లింది. ఇంగ్లిష్ మాత్రం చిన్నప్పుడే ముగించేయాల్సిన పనిగా మారి, ఇంకా చిన్న పిల్లల మీద పడింది. ఇంగ్లిష్ కిండర్‌గార్టెన్ అని పిలిచే సెంటర్లు చట్టం దృష్టిలో హాగ్వాన్లే. వాటిలో సీటు కోసం నాలుగేళ్ల పిల్లలకు ప్రవేశ పరీక్షలు పెడుతున్నారని 2025లో కొరియాలో పెద్ద చర్చే జరిగింది. కొత్తగా డిగ్రీ పూర్తిచేసి అక్కడికి వెళ్లే విదేశీ టీచర్లలో చాలామందికి మొదట దొరికే ఉద్యోగం ఈ చిన్నపిల్లల క్లాసులోనే.

అందుకే హాగ్వాన్ యజమానికి టీచర్ నైపుణ్యం ఒక్కటే సరుకు కాదు. తల్లిదండ్రులకు చూపించడానికి విదేశీ మనిషి క్లాసులో ఉండటమూ సరుకే. పౌరసత్వ నిబంధన ఇన్నేళ్లు నిలబడటానికి వీసా చట్టం ఎంత కారణమో ఈ మార్కెట్ కూడా అంతే కారణం.

ప్రభుత్వ బడి వేరు, హాగ్వాన్ వేరు

బయట నుంచి చూస్తే రెండూ కొరియాలో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగాలే. లోపల చాలా తేడా.

ఎపిక్ ద్వారా బడిలో చేరితే ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చే ఎనిమిది గంటల పని, వారానికి 22 గంటల పాఠాలు. పక్కన కొరియన్ టీచర్ ఒకరుంటారు. ఏడాదికి రెండు బ్యాచ్‌లు తీసుకుంటారు, విద్యా సంవత్సరం మార్చిలో మొదలవుతుంది కాబట్టి వసంతకాలం బ్యాచ్ ఒకటి, ఆగస్టు చివర్లో మరొకటి. బీఎడ్ లాంటి చదువు లేకపోతే కనీసం 100 గంటల టెఫెల్ (ఇంగ్లిష్‌ను విదేశీ భాషగా నేర్పే శిక్షణ) కోర్సు చేసి ఉండాలి. నెల జీతం అర్హతను, ప్రాంతాన్ని బట్టి 20 లక్షల పైచిలుకు నుంచి 30 లక్షల వాన్ల (వాన్ అంటే కొరియా కరెన్సీ) దాకా. ఒక మనిషికి సరిపడే ఇల్లు, లేదా దాని బదులు నెలకు 4 లక్షల వాన్లు. వచ్చేటప్పుడు విమాన ఖర్చుల కింద 13 లక్షలు, ఏడాది పూర్తిచేసి వెళ్లేటప్పుడు మరో 13 లక్షలు. మొదటి ఆరు నెలల్లో మానేస్తే రాక భత్యం తిరిగి కట్టాలి. ఏ ఊరు వస్తుందో మన చేతిలో ఉండదు, సియోల్ కోరుకున్నవాళ్లు ఎక్కడో మారుమూల చేపల రేవు పక్కన బడికి వెళ్లాల్సి రావచ్చు. ఆ ఒక్కటి సర్దుకోగలిగితే ఇది భరోసా ఉన్న ఉద్యోగం. జీతం నెలనెలా పడుతుందా అన్న బెంగ ఉండదు.

హాగ్వాన్‌లో ఊరు మన ఇష్టం, ఏ నెలలోనైనా చేరొచ్చు, టెఫెల్ తప్పనిసరి కాదు. పాఠాలు వారానికి 30 గంటలు ఉండటం మామూలే. కిండర్‌గార్టెన్ రకంలో పొద్దున తొమ్మిది నుంచి, బడి పిల్లల రకంలో మధ్యాహ్నం మొదలై రాత్రి తొమ్మిది పది దాకా. సెలవులు బాగా తక్కువ. మంచి హాగ్వాన్లు చాలానే ఉన్నాయి, అక్కడే ఐదారేళ్లు పనిచేసినవాళ్లూ ఉన్నారు. కానీ ఒక్క యజమాని, ఒక్క అంతస్తు, ఓ వంద మంది పిల్లల మీద నడిచే చిన్న వ్యాపారంలో ఇరవై మంది పిల్లలు మానేస్తే ఆ దెబ్బ నేరుగా టీచర్ జీతం మీద పడుతుంది.

చట్టం తెలియకపోతే నష్టపోయేది ఇక్కడే. కొరియాలో ఏడాది నిండిన ఉద్యోగికి కనీసం 30 రోజుల సగటు జీతం వీడ్కోలు భత్యంగా ఇవ్వాలి. అందుకని పదకొండో నెలలో ఏదో వంక పెట్టి పంపేసే యజమానులు కొందరున్నారు. ఇంకో పద్ధతి, టీచర్‌ను ఉద్యోగిగా కాకుండా స్వతంత్ర కాంట్రాక్టర్‌గా చూపించి 3.3 శాతం పన్ను మాత్రం కోయడం. నెల చివర చేతికి కాస్త ఎక్కువ డబ్బు వస్తుంది కాబట్టి కొత్తవాళ్లు సంతోషిస్తారు. కానీ పింఛనులో, ఆరోగ్య బీమాలో యజమాని కట్టాల్సిన సగం పోతుంది, వీడ్కోలు భత్యం విషయంలో తగాదా మొదలవుతుంది. టైమ్ టేబుల్, పుస్తకాలు, పనిచేసే చోటు అన్నీ యజమానే నిర్ణయిస్తున్నప్పుడు, కాంట్రాక్టులో ఏం రాసినా కార్మిక శాఖ ఆ మనిషిని ఉద్యోగిగానే చూసే అవకాశం ఎక్కువ. ఫిర్యాదుకు ఖర్చు ఉండదు, విదేశీయులూ చేయొచ్చు. ఐదుగురికంటే తక్కువ మంది పనిచేసే చోట మాత్రం అన్యాయంగా తీసేశారన్న ఫిర్యాదుకు చట్టం రక్షణ ఇవ్వదు, అందుకే మరీ చిన్న హాగ్వాన్‌లో చేరేముందు ఈ విషయం అడిగి తెలుసుకోవాలి.

పింఛను గురించి ఒక మాట. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా పౌరులకు దేశం వదిలేటప్పుడు తాము కట్టినదీ యజమాని కట్టినదీ కలిపి ఒకేసారి వెనక్కి వస్తుంది. బ్రిటన్ పౌరులకు రాదు. ఒకే గదిలో పనిచేసిన ఇద్దరు ఏడాది చివర వేర్వేరు మొత్తాలతో ఇంటికెళ్తారు.

వీసా యజమానితో ముడిపడి ఉండటం

పై సమస్యలన్నిటి వెనక ఉన్న అసలు యంత్రాంగం ఇదే. ఈ-2 వీసా ఒక పనిచోటుకు కట్టి ఉంటుంది. ఒప్పందం మధ్యలో ఇంకో చోటికి మారాలంటే పాత యజమాని అంగీకార పత్రం కావాలి. అక్కడి టీచర్లు దాన్ని రిలీజ్ లెటర్ అంటారు. అది ఇవ్వనంటే దేశం వదలడమో, ఒప్పందం ముగిసేదాకా ఓర్చుకోవడమో, ఉద్యోగాన్వేషణకు ఇచ్చే డీ-10 వీసాకు మారే ప్రయత్నం చేయడమో మిగులుతుంది. ఇల్లు కూడా యజమాని ఇచ్చిందే కాబట్టి ఉద్యోగం పోయిన రోజే నీడ కూడా పోతుంది. ఉచిత ఇల్లు అనే సౌకర్యానికి ఉన్న రెండో వైపు ఇది. గల్ఫ్ వెళ్లిన మనవాళ్ల ఇళ్లలో కఫీల్ (వీసా ఇచ్చే యజమాని) గురించి విన్న వారికి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. తీవ్రతలో పోలికే లేదు, కొరియాలో యజమాని పాస్‌పోర్ట్ లాక్కోవడం చట్టవిరుద్ధం, కార్మిక చట్టమూ బలంగా ఉంది. కానీ వీసా ఒక్కరి చేతిలో ఉంటే బేరమాడే శక్తి ఎటు ఒరుగుతుందో రెండు చోట్లా ఒకటే.

ఖాళీ సమయంలో ఇంటికెళ్లి ట్యూషన్ చెప్పడం కూడా ఈ-2 మీద చట్టవిరుద్ధం. గంటకు మంచి డబ్బు ఇస్తామని తల్లిదండ్రులే అడుగుతారు, పట్టుబడితే జరిమానా, దేశం నుంచి పంపేయడం దాకా వెళ్తుంది. కొరియన్‌ను పెళ్లాడినవాళ్లకు ఇచ్చే ఎఫ్-6, శాశ్వత నివాసానికి ఇచ్చే ఎఫ్-5 లాంటివి ఉన్నవాళ్లకు ఈ కట్లు లేవు. కొరియాలో ఇంగ్లిష్ చెబుతున్న భారతీయులు అక్కడక్కడా కనిపించడానికి ఒక కారణం ఇదే. వాళ్లను చూసి మనకూ కుదురుతుందనుకుంటే వీసా దగ్గర ఆగిపోతాం.

జీతం ఎందుకు కదలడం లేదు

2008 ప్రాంతంలో కొత్తగా హాగ్వాన్‌లో చేరేవాళ్లకు నెలకు 20 నుంచి 22 లక్షల వాన్లు ఇచ్చేవారు. అప్పుడు కొరియాలో కనీస వేతనం గంటకు 3,770 వాన్లు, ఇప్పుడు వాడే నెలకు 209 గంటల లెక్కతో 8 లక్షల వాన్లు కూడా కాదు. విదేశీ టీచర్ దానికి రెండున్నర రెట్లకు పైగా సంపాదించేవాడు, ఇల్లు ఉచితం, చదువు అప్పులు తీర్చుకుని వెళ్లేవాడు. 2026లో కనీస వేతనం గంటకు 10,320 వాన్లు, అదే 209 గంటలకు 21.5 లక్షలు దాటుతుంది. కొత్త టీచర్‌కు ఇప్పుడు ఇచ్చేది 22 నుంచి 26 లక్షల మధ్య. మన లెక్కలో నెలకు సుమారు లక్షన్నర రూపాయలు. ఇల్లు ఉచితం కాబట్టి కొంత మిగులుతుంది, నిజమే. కానీ ఒకప్పటి కథలు విని అదే మిగులు ఆశిస్తే నిరాశ తప్పదు.

కారణం సరఫరాలో ఉంది. అమెరికా, బ్రిటన్‌లలో 2008 సంక్షోభం తర్వాత ఉద్యోగాలు లేక కొత్త పట్టభద్రులు కొరియా వైపు వచ్చారు. వచ్చేవాళ్లు ఉన్నంతకాలం జీతం పెంచాల్సిన అవసరం యజమానికి రాలేదు. ఒకటి రెండేళ్లు ఉండి వెళ్లిపోయే మనుషులు కాబట్టి సంఘటితమై అడిగే బలమూ తక్కువే. మామూలు మార్కెట్‌లో అయితే జీతం ఇంత పడిపోతే అర్హులను ఇంకో చోటి నుంచి తెచ్చుకుంటారు. ఇక్కడ ఏడు దేశాల గోడ ఉంది కాబట్టి అదీ జరగడం లేదు.

పిల్లలు తగ్గుతున్నారు, ఖర్చు పెరుగుతోంది

2012లో కొరియాలో పుట్టిన పిల్లలు దాదాపు 4.85 లక్షలు. 2023లో 2.3 లక్షలు. పదకొండేళ్లలో సగానికి తగ్గింది. సంతాన సాఫల్య రేటు (ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు) 2023లో 0.72కి పడి, 2024లో 0.75 దగ్గర కాస్త నిలదొక్కుకుంది. ఇంగ్లిష్ కిండర్‌గార్టెన్లకు వెళ్లే వయసు పిల్లలు ఇప్పటికే తగ్గారు, బడుల వంతు వస్తోంది.

అయినా ప్రైవేటు చదువు ఖర్చు తగ్గలేదు. 2024లో అది 29.2 లక్షల కోట్ల వాన్లు, అంతకు ముందు ఏడాది 27.1. విద్యార్థుల్లో 80 శాతం మంది ఏదో ఒక కోచింగ్‌కు వెళ్తున్నారు. ఒకే బిడ్డ ఉన్న ఇంట్లో ఇద్దరి మీద పెట్టే డబ్బు ఒక్కరి మీద పెడుతున్నారు. దీని ఫలితం టీచర్లకు రెండు రకాలుగా ఉంటుంది. సియోల్‌లోని గంగ్నమ్ లాంటి చోట్ల ఖరీదైన సెంటర్లు అనుభవం, టీచింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు ఎక్కువ ఇచ్చి తీసుకుంటాయి. చిన్న ఊళ్లలో మామూలు హాగ్వాన్లు మూతపడుతుంటాయి, డిగ్రీ ఒక్కటే చేతిలో ఉన్న కొత్తవాళ్లు చేరేది ఎక్కువగా ఇలాంటి వాటిలోనే. అందుకే చేరబోయే సెంటర్ ఎన్నేళ్లుగా నడుస్తోంది, గత ఏడాది పనిచేసిన టీచర్‌తో మాట్లాడనిస్తారా అన్న రెండు ప్రశ్నలు జీతం కంటే ముందు అడగాలి.

సాంకేతికత టీచర్లను తీసేస్తుందన్న మాటా వినిపిస్తోంది. 2025 మార్చిలో ఇంగ్లిష్ సహా కొన్ని సబ్జెక్టులకు కృత్రిమ మేధ డిజిటల్ పాఠ్యపుస్తకాలు తెచ్చారు, విమర్శలు వచ్చాక అదే ఏడాది ఆగస్టులో వాటికి పాఠ్యపుస్తక హోదా తీసేశారు. ఆ దిశలో ప్రభుత్వం తడబడుతోందే గానీ దూసుకుపోవడం లేదు. జనాభా తగ్గుదల మాత్రం తడబడదు.

మన దగ్గర నుంచి చూస్తే

భారత పాస్‌పోర్ట్ ఉండి, సాధారణ డిగ్రీ ఉన్నవాళ్లకు హాగ్వాన్ ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరైనా చెబితే, ఏ వీసా మీద అని అడగాలి. సందర్శకుల సీ-3 మీదనో, భాష నేర్చుకునే డీ-4 మీదనో వెళ్లి పాఠాలు చెప్పుకోవచ్చంటే అది అక్రమంగా పనిచేయించడమే. పట్టుబడితే కేసూ, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టకుండా నిషేధమూ అభ్యర్థి మీద పడతాయి. అర్హులైన దేశాల వాళ్లకు ఉద్యోగం చూసిపెట్టే ఏజెంట్లు మామూలుగా యజమాని దగ్గర కమీషన్ తీసుకుంటారు, టీచర్ దగ్గర కాదు. లక్షల్లో ఫీజు అడిగారంటే అక్కడే ఆగిపోవడం మంచిది.

కొరియా వెళ్లాలన్న కోరికే ప్రధానమైతే దారులు వేరే ఉన్నాయి. ఎపిక్‌ను చూసే ప్రభుత్వ సంస్థే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ కూడా నడుపుతుంది, దానికి భారతీయులు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు, ఏడాది కొరియన్ భాషతో పాటు పీజీ చదువు ఖర్చు అంతా వాళ్లదే. పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు విశ్వవిద్యాలయాల్లో ఈ-1 వీసా మీద బోధన ఉద్యోగాలుంటాయి, వాటికి ఏడు దేశాల షరతు లేదు. ఇంగ్లిష్ చెప్పడమే ఇష్టమైతే, ఇంగ్లిష్ మెథడాలజీతో బీఎడ్, ఒకటి రెండేళ్ల బడి అనుభవం ముందు సంపాదించుకోవడం మేలు. కొరియా కుదరకపోయినా జపాన్ బడులకూ, మన అంతర్జాతీయ పాఠశాలలకూ అదే అర్హత పనికొస్తుంది.

సెపాను సవరించేందుకు 2016 నుంచి రెండు దేశాల మధ్య చర్చలు నడుస్తూనే ఉన్నాయి. ఎక్కువగా మాట్లాడుకునేది ఉక్కు, వాహన విడిభాగాలు, మన వాణిజ్య లోటు గురించి. ఇంగ్లిష్ సహాయ ఉపాధ్యాయుల అంశం ఒప్పందంలో ఇప్పటికే ఉంది కాబట్టి కొత్త హక్కేమీ అడగనక్కర్లేదు. కొరియా విద్యా కార్యాలయాలు ఏటా కొన్ని పోస్టులు ఆ దారిలో నింపేలా సంఖ్య ఒకటి రాయించుకుంటే చాలు. తరగతులు ఖాళీ అవుతున్నా మారుమూల బడికి వెళ్లడానికి ఒప్పుకునే లైసెన్సు ఉన్న టీచర్లు కొరియాకు ఇంకా కావాలి. అలాంటి బీఎడ్ పట్టభద్రులు తెలుగు రాష్ట్రాల్లో డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు.